పోరంబోకు కాలువ

చెన్నైలో తిరుమయిలై రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి కిందికి చూస్తే నల్లని నీటి చార ఒకటి కనిపిస్తుంది. ఇరువైపులా కాంక్రీటు గోడలు. నీటిలోనే దిగి నిలిచిన స్తంభాలు. ఆ స్తంభాల మీద రైలు మార్గం, దాని మీద స్టేషన్, ఆ స్టేషన్‌లో మనం. వేసవిలోనైతే కాలువ కంటికి కనబడకముందే ముక్కుకు తెలుస్తుంది. రాజకీయ వార్తల పని మీద ఆ నగరానికి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక పత్రికలో "బకింగ్‌హాం కాలువకు పునర్వైభవం" అనే శీర్షిక నాకు ఎదురవుతూనే ఉంది. పూడిక తీస్తారు, గట్ల మీద నడక దారులు వేస్తారు, మొక్కలు నాటుతారు, దీపాలు పెడతారు. వార్త చివరి పేరాలో మాత్రం ఒక మాట తప్పకుండా ఉంటుంది: "ఆక్రమణలను తొలగిస్తారు."

ఆక్రమణ అన్న మాట చదివినప్పుడల్లా ఆ స్తంభాలే గుర్తుకొస్తాయి. కాలువలోకి అందరికంటే లోతుగా, అందరికంటే స్థిరంగా దిగినది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఈ కాలువ మొదట ఒక కాంట్రాక్టరు వ్యాపారం. 1801లో, ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా ఉన్న కాలంలో, బాసిల్ కోక్రేన్ అనే ధనికుడికి మద్రాసు నుంచి ఉత్తరంగా ఎన్నూరు వరకు కాలువ తవ్వి పడవల మీద సుంకం వసూలు చేసుకునే హక్కు లభించింది. నౌకాదళానికి సరుకులు సరఫరా చేసి బాగా గడించిన మనిషి ఆయన. 1806 నాటికి తవ్వకం పూర్తయింది. కోక్రేన్ కాలువ అనే పేరు చాలాకాలం నిలిచింది. ఆయన తరువాత లండన్ వెళ్ళి ఆవిరి స్నానాల శాల నడిపాడు. ఆంగ్లంలో పుస్తకం రాసిన తొలి భారతీయుడిగా చెప్పుకునే షేక్ దీన్ మొహమ్మద్ కొంతకాలం ఆయన దగ్గర పనిచేశాడు. ఇది మన కథకు అవసరం లేదు గాని, ప్రజోపయోగ నిర్మాణాన్ని ప్రైవేటు వ్యక్తికి అప్పగించి సుంకం వసూలు చేసుకోనివ్వడం మన కాలపు ఆవిష్కరణ అనుకునేవారు ఉన్నారు కనుక కోక్రేన్‌ను కాస్త తలచుకోవడం మంచిది. 1837లో కంపెనీ ప్రభుత్వమే కాలువను స్వాధీనం చేసుకుంది.

అక్కడి నుంచి అది ముక్కలు ముక్కలుగా పెరిగింది. ఉత్తరంగా పులికాట్ సరస్సు దాటి, దుగరాజపట్నం మీదుగా, నెల్లూరు, ఒంగోలు తీరాల వెంట పెదగంజాం చేరింది. అక్కడ కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన కొమ్మమూరు కాలువతో కలిసింది. కొమ్మమూరు నుంచి కృష్ణకు, కృష్ణ నుంచి ఏలూరు కాలువకు, అక్కడి నుంచి గోదావరికి, కాకినాడకు దారి. దక్షిణాన మరక్కాణం దాకా సాగింది. పెదగంజాం నుంచి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు. అందులో దాదాపు 257 కిలోమీటర్లు నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. తీరం వెంట, సముద్రానికి సమాంతరంగా, ఇసుక దిబ్బల చాటున పోయే ఉప్పునీటి కాలువ ఇది. పంటలకు పనికిరాదు. పడవల కోసమే పుట్టింది.

ఆ పడవలు మోసిన సరుకు జాబితాలో వైభవమేమీ లేదు. ఉప్పు, ధాన్యం, గుల్ల సున్నం, వంటచెరకు. ఇవాళ ఉపగ్రహాలు ఎగిరే శ్రీహరికోట అప్పట్లో మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపే అడవి. తెరచాప పట్టని చోట గెడ వేసేవారు, గెడ చాలని చోట తాడు భుజాన వేసుకొని గట్టు వెంట మనుషులే పడవను లాగేవారు. రైలు రాకపూర్వం కృష్ణా, గుంటూరు ప్రాంతాల వారికి చెన్నపట్నం చేరడానికి ఇది ఒక రాచబాట. కోర్టు వ్యాజ్యాలకూ చదువులకూ అచ్చు పనులకూ చెన్నపట్నం పోయే తెలుగువాడికి ఆ నగరం మొదట దర్శనమిచ్చింది కాలువ వైపు నుంచే అనవచ్చు.

నగరం మధ్యలో మాత్రం ఒక లోటు ఉండేది. ఉత్తరం నుంచి వచ్చిన కాలువ కూవం నది దగ్గర ఆగిపోయేది. దక్షిణపు కాలువ అడయారు నుంచి మొదలయ్యేది. నడుమ చేపాక్, తిరువల్లిక్కేణి, మైలాపూరు. ఐదు మైళ్ళ దూరం. ఆ ఐదు మైళ్ళు 1877-78లో తవ్వారు. తవ్వినది ఎవరో తెలియాలంటే ఆ సంవత్సరాల పేరు చెబితే చాలు. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు.

1876లో నైరుతి రుతుపవనం మొహం చాటేసింది. ఈశాన్య రుతుపవనమూ ఆదుకోలేదు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, చెంగల్పట్టు, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాలు ఎండిపోయాయి. జనం ఊళ్ళు వదిలి మద్రాసు దారి పట్టారు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారు జరుపుతుండగా ఇక్కడ రోడ్ల పక్కన శవాలు పడుతున్నాయి. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం అండ్ షాండోస్ డ్యూక్ మొదట ప్రభుత్వం తరఫున ధాన్యం కొనుగోలుకు పూనుకున్నాడు. వ్యాపార స్వేచ్ఛలో జోక్యం తగదని వైస్రాయి ప్రభుత్వం అడ్డుకుంది. కరువు ఖర్చుకు కళ్ళెం వేయడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది.

టెంపుల్ గురించి ఒక మాట చెప్పాలి. 1873-74లో బీహారులో కరువు వస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి ప్రాణనష్టం దాదాపు లేకుండా గట్టెక్కించినవాడు ఆయనే. అందుకు ఆయనకు దక్కింది దుబారా మనిషి అనే నింద. మద్రాసుకు వచ్చేసరికి ఆ మచ్చ తుడుచుకోవాలన్న ఆత్రంతో వచ్చాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రోజంతా మన్ను తవ్వి మోసే శరీరానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కనీసం ఒకటిన్నర పౌండ్లు కావాలని, పప్పు, కూరగాయలు కూడా ఉండాలని పట్టుబట్టాడు. 1877 మార్చిలో కూలి కొంత పెరిగింది గాని కార్నిష్ అడిగినంత కాదు. బ్రిటిష్ పాలిత ప్రాంతాలలోనే ఆ కరువులో చనిపోయినవారు, తక్కువలో తక్కువ లెక్క వేసినా, 55 లక్షలు.

ఆ కరువు పనులలో ఒకటి మద్రాసు నడుమ ఉన్న ఈ ఐదు మైళ్ళ కాలువ. దీనికి 22 లక్షల పనిదినాలు పట్టాయని చెబుతారు. ఆ రోజులు ఎవరివో పేర్లు లేవు. కూలికి వచ్చినవారు ఏ జిల్లా నుంచి వచ్చారో, ఏ భాష మాట్లాడారో, ఎంతమంది తిరిగి ఊరు చేరారో ఆ కాలువ గట్టు మీద ఏ ఫలకమూ చెప్పదు. పని పూర్తయిన 1878లో కాలువ మొత్తానికి గవర్నరు పేరు పెట్టారు. కొల్హాపురి చెప్పుల దుకాణం నుంచి రైల్వే జంక్షను దాకా ప్రతిదానికీ పేర్లు మార్చే దేశం మనది. మద్రాసు చెన్నై అయింది, వీధులకు ద్రావిడ నాయకుల పేర్లు వచ్చాయి. బకింగ్‌హాం పేరు మాత్రం ఎవరికీ అడ్డం కాలేదు. మురుగు కాలువకు తమ నాయకుడి పేరు పెట్టుకోవడానికి ఏ పార్టీ ముందుకొస్తుంది?

అదే 1878లో లండన్‌లో మరో ఘటన జరిగింది. మన గోదావరి డెల్టా వారు దేవుడిలా కొలిచే ఆర్థర్ కాటన్ పార్లమెంటరీ కమిటీ ముందు హాజరై కాలువల పక్షాన వాదించాడు. రైళ్ళ మీద పోస్తున్న డబ్బులో కొంత భాగం నీటి మార్గాల మీద పెడితే సరుకు రవాణా ఎంతో చవకగా జరుగుతుందని, కరువు ప్రాంతాలకు ధాన్యం చేరుతుందని ఆయన జీవితమంతా చెప్పిన మాట. కమిటీ ఆయన మాట వినలేదు. రైళ్ళ వెనుక లండన్ పెట్టుబడి ఉంది, ఆ పెట్టుబడికి భారత ఖజానా హామీ ఉంది. కాలువల వెనుక ఉన్నది కాటన్ ఒక్కడే. కాటన్ లెక్కలన్నీ సరైనవని నేననను. ఆయన ప్రతిపాదించిన అనుసంధాన కాలువలలో కొన్ని కాగితం మీదే అందమైనవి. కానీ 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు మార్గం తెరుచుకున్నాక తీరపు కాలువ గతి ఏమైందో చూస్తే ఆయన భయం అర్థమవుతుంది. పడవకు రోజులు పట్టే దూరం రైలుకు గంటల్లోకి వచ్చింది. కట్టెలు, ఉప్పు, సున్నం మాత్రం మరికొన్ని దశాబ్దాలు పడవల్లోనే వచ్చాయి. 1960ల నడిమి తుపానులు, 1976 తుపాను గట్లను, లాకులను దెబ్బతీశాక వాటిని బాగుచేసే ఆసక్తి ఎవరికీ కలగలేదు.

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పుకోవాలి. పోరంబోకు. తెలుగునాట ఇది తిట్టు. పనీపాటా లేని వాడిని, దిక్కూ మొక్కూ లేని వాడిని అనే మాట. కానీ పుట్టుకలో ఇది రెవెన్యూ పదం. పన్ను విధించని, ఎవరి పట్టా కిందికీ రాని భూమి. చెరువు గర్భం, వాగు, శ్మశానం, పశువుల బీడు, దారి, కాలువ గట్టు. ఊరందరిదీ కనుక ఎవరి ఒక్కరి పేరునా రాయని నేల. శిస్తు రాని నేల సర్కారు కంటికి పనికిరాని నేల అయింది. ఆ పనికిమాలినతనం క్రమంగా నేల మీది నుంచి దాని మీద బతికే మనిషి మీదికి పాకింది. తమిళంలోనూ ఇదే కథ. 2017లో గాయకుడు టి.ఎం.కృష్ణ ఎన్నూరు వాగు పక్కన నిలబడి పాడిన పోరంబోకు పాట ఆ మాటకు పాత గౌరవాన్ని తిరిగి ఇవ్వడానికి జరిగిన ప్రయత్నం.

పోరంబోకు అంటే ఊరందరిదని జనం అనుకున్నారు. పోరంబోకు అంటే తనదని ప్రభుత్వం అనుకుంది. బకింగ్‌హాం కాలువలో ఈ రెండు అర్థాలూ ఎదురుపడ్డాయి. ఊళ్ళలో బతుకుతెరువు లేక వచ్చినవారు, నగరానికి చాకిరీ చేసేవారు, మరో చోట అద్దె కట్టలేనివారు గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. ప్రభుత్వం అదే కాలువలో రైలు కట్టింది.

నగర రైలు మార్గానికి భూసేకరణ పెద్ద తలనొప్పి. మైలాపూరులో ఇళ్ళు కొనాలంటే పరిహారం, కోర్టులు, ఓట్లు. నగరం నడుమ నుంచి ఉత్తర దక్షిణాలుగా, ఎవరి పట్టా లేకుండా, ఖాళీగా పోతున్న దారి ఒక్కటే కనిపించింది. కాలువ. 1995లో బీచ్ నుంచి చేపాక్ వరకు, 1997లో తిరుమయిలై వరకు, 2004లో తిరువాన్మియూరు వరకు, 2007లో వేలచ్చేరి వరకు ఎంఆర్‌టీఎస్ రైళ్ళు నడిచాయి. ఈ దారిలో చాలా భాగం కాలువ వెంటే, కాలువ మీదే. స్తంభాలు కాలువ గర్భంలో దిగాయి. స్టేషన్లున్న చోట్ల కాలువ పీక నులిమినట్టు సన్నబడింది. పర్యావరణవాదులు మొత్తుకున్నా ఆగలేదు. నగరం నడుమ నుంచి పడవ పోయే అవకాశం ఆ రోజుతో ముగిసింది. కాటన్ వాదాన్ని లండన్‌లో ఓడించిన రైలు నూటపాతికేళ్ళలోపే మద్రాసు కాలువ గుండెల మీద నిలబడింది.

ఇది చెన్నై ఒక్కదాని తెలివి కాదు. కలకత్తాలో మేజర్ విలియం టాలీ 1775-77 మధ్య గంగ పాత పాయను తవ్వించి పడవల దారి చేశాడు. టాలీ నాలా అంటారు, ఆది గంగ అని భక్తితోనూ పిలుస్తారు. టాలీగంజ్ నుంచి గరియా వైపు మెట్రోను పొడిగించినప్పుడు స్తంభాలను ఆ నాలాలోనే దించారు. ఆ రైళ్ళు 2009లో మొదలయ్యాయి. అక్కడ వామపక్ష ప్రభుత్వం, ఇక్కడ ద్రావిడ ప్రభుత్వాలు, రైల్వేలది కేంద్ర ప్రభుత్వం. సిద్ధాంతాలు వేరైనా నీటి దారి కనబడగానే అందరికీ తోచిన ఆలోచన ఒకటే. ఢాకాలో మొఘలుల నాటి ధోలాయి ఖాల్ ఎప్పుడో రోడ్డు కింద పూడిపోయింది.

రైలు కాలువలోకి దిగినప్పుడు దాన్ని ఆక్రమణ అని ఎవరూ అనలేదు. నగరపాలక వ్యవస్థ మురుగును దశాబ్దాల తరబడి కాలువలోకి వదిలినప్పుడూ అనలేదు. ఆ మాటను గట్టు మీది మనిషి కోసం దాచి ఉంచారు.

2022 ఏప్రిల్, మే నెలల్లో రాజా అన్నామలైపురంలోని గోవిందసామి నగర్‌కు పొక్లెయిన్లు వచ్చాయి. కాలువ ఒడ్డున దశాబ్దాలుగా ఉన్న కాలనీ అది. సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. పిల్లలకు పరీక్షల కాలం. వారికి చూపించిన ప్రత్యామ్నాయం నగరం దక్షిణపు అంచున ఉన్న పెరుంబాక్కం. ఇళ్ళలో పనిచేసే ఆడవారికి, ఆటో నడిపేవారికి, రోజు కూలీకి పోయేవారికి మైలాపూరు చుట్టుపక్కలే జీవనం. మే 8న ఆ కాలనీకి చెందిన అరవై ఏళ్ళ మనిషి కూల్చివేతల మధ్యనే ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆసుపత్రిలో చనిపోయాడు. మరునాడు శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్ విచారం వ్యక్తం చేసి, కుటుంబానికి పది లక్షల పరిహారం ప్రకటించి, ఆ ప్రజలకు మందైవెలి, మైలాపూరు ప్రాంతాలలోనే ఇళ్ళు ఇస్తామని చెప్పారు. దగ్గరలో ఇళ్ళు ఇవ్వడం సాధ్యమే అన్నమాట. ఒక మనిషి కాలిపోయాక సాధ్యమైంది.

ఆ రాష్ట్రంలోని అధికార పక్షానికి ఇది తెలియని విషయం కాదు. 1970లో కరుణానిధి ప్రభుత్వం మురికివాడల నిర్మూలన బోర్డును స్థాపించినప్పుడు దాని తొలి ఉద్దేశం గుడిసెలున్న చోటే పక్కా ఇళ్ళు కట్టడం. అప్పట్లో నగరం నడిబొడ్డున కట్టిన ఆ బహుళ అంతస్తుల గృహ సముదాయాలు ఇప్పటికీ ఉన్నాయి. ద్రావిడ ఉద్యమానికి నగరంలో వేళ్ళూనిన చోట్లు అవే. 2000 తరువాత ఆ ఆలోచన మారింది. నగరం నడుమ భూమి ధర పెరిగేకొద్దీ పేదల ఇళ్ళు కణ్ణగి నగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం అంటూ దక్షిణానికి జరుగుతూ పోయాయి. బోర్డు పేరులోని మురికివాడ అనే మాటను 2021లో తీసేశారు. పట్టణ ఆవాస అభివృద్ధి అన్నారు.

ఈ కొత్త కాలనీలు ఎక్కడున్నాయో పటంలో చూడాలి. పళ్ళికరణై చిత్తడి నేల అంచున, దాని పరిసరాలలో. ఆ చిత్తడి నేలలోకి చేరిన వాన నీరు ఒక్కియం మడుగు ద్వారా బయటికి పోతుంది. ఎక్కడికి? దక్షిణ బకింగ్‌హాం కాలువలోకి. అంటే వరద ముప్పు ఉందని కాలువ ఒడ్డు నుంచి లేపినవారిని, అదే కాలువ పారుదల మీద ఆధారపడిన పల్లంలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. 2015 డిసెంబరు వరదల్లో ఆ కాలనీలూ నీట మునిగాయి. వరద నుంచి రక్షించడమే లక్ష్యమైతే ఈ స్థల నిర్ణయం ఎవరు చేశారో, ఏ ఫైలు మీద చేశారో అడగవలసిన ప్రతిపక్షాలు అడగలేదు. ఎందుకంటే అధికారంలో ఉన్నప్పుడు వారూ అదే చేశారు.

నేను కాలువలను బాగుచేయవద్దనడం లేదు. కాలువ గట్టు మీది బతుకును రమ్యంగా వర్ణించే ఉద్దేశమూ లేదు. వాన పడితే ఇంట్లోకి మురుగు వచ్చే చోట ఎవరూ ఇష్టపడి ఉండరు. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఇల్లు ఇస్తే చాలామంది సంతోషంగా లేస్తారు. నా అభ్యంతరం పని వరుస మీద. మొదట మురుగును ఆపాలి. అది భూగర్భంలో చేసే పని, కనబడదు, రిబ్బను కత్తిరించడానికి వీలుండదు, ఏళ్ళు పడుతుంది. నడక దారి ఆరు నెలల్లో కనబడుతుంది. ఇల్లు కూల్చడం ఒక్క రోజులో కనబడుతుంది. అందుకే మన నగరాలలో జల పునరుద్ధరణ ఎప్పుడూ చివరి నుంచి మొదలవుతుంది.

సియోల్ పేరు ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. నగరాల అధికారులందరికీ అది తీర్థక్షేత్రం. 2024లో తెలంగాణ మంత్రుల బృందం మూసీ కోసం అక్కడికే వెళ్ళింది. ఆ నగరం నడుమ చోంగ్యేచోన్ అనే వాగు రోడ్డు కింద పూడిపోయి, దాని మీద ఒక ఎత్తైన రహదారి ఉండేది. 2003లో మేయర్ లీ మ్యుంగ్ బాక్ ఆ రహదారిని కూల్చివేయించాడు. 2005 నాటికి దాదాపు 5.8 కిలోమీటర్ల నీటి దారి తెరుచుకుంది. రెండేళ్ళ తరువాత ఆయన దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. మన నాయకులను ఆకర్షించేది ఈ చివరి వాక్యమే కావచ్చు. అక్కడా చిరు వ్యాపారులు చెదిరిపోయారు, వారి నిరసనలూ జరిగాయి. వాగులో ఇప్పుడు పారే నీటిలో చాలా భాగం హాన్ నది నుంచి పంపులతో ఎత్తిపోసేదే. అయినా ఒక విషయం గమనించాలి. వారు ముందు తొలగించింది నీటి మీద ప్రభుత్వం కట్టిన దాన్ని. మనవారు అక్కడి దీపాల ఫొటోలు తెచ్చుకుంటారు, ఆ కూల్చివేతను తెచ్చుకోరు. ఎంఆర్‌టీఎస్‌ను కూల్చమని నేనడగను. రోజూ వేలమంది సామాన్యులు దాని మీద ప్రయాణిస్తారు. కానీ కాలువ ఎందుకు చచ్చిపోయిందో చెప్పే ఏ ప్రణాళికలోనైనా ఆ స్తంభాల లెక్క ముందు పేజీలో ఉండాలి. నేను చదివిన వార్తల్లో అది లేదు.

కేంద్రం పటంలో ఈ కాలువ ఇంకా బతికే ఉంది. 2008లో పార్లమెంటు చట్టం చేసి కాకినాడ పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణల కొన్ని భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2016 చట్టం ఆ జలమార్గాన్ని మరింత పొడిగించింది. చట్టంలోని జాబితాలో ఉత్తర బకింగ్‌హాం కాలువ ఉంది, దక్షిణ బకింగ్‌హాం కాలువ ఉంది. రెండింటినీ కలపవలసిన నగర మధ్య భాగంలో స్తంభాలు ఉన్నాయి. 1877లో ఆకలిగొన్నవారు తవ్వి పూరించిన ఖాళీ తిరిగి ఏర్పడింది.

మన వైపు భాగం ఎలా ఉందని తెలుగు పాఠకులు అడుగుతారు. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో పూడిక, తుమ్మ, తూడు, కొన్ని చోట్ల రొయ్యల చెరువుల నీరు. కానీ 2004 డిసెంబరు 26న ఆ నిరుపయోగమైన కాలువ ఒక పని చేసింది. సునామీ అల తీరం దాటి లోపలికి వచ్చినప్పుడు పెదగంజాం నుంచి చెన్నై వరకు చాలా చోట్ల ఆ నీటిని ముందుగా పట్టుకున్నది ఇదే. నిండి, పొర్లి, కొద్ది నిమిషాల్లో నీటిని మళ్ళీ సముద్రం వైపు వదిలింది. కాలువకు అవతలి గ్రామాల్లో ప్రాణాలు నిలబడటానికి అది తోడ్పడిందని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్త పరిశీలించి రాశారు. వెడల్పు ఉన్న చోట అది సాధ్యమైంది. విజయవాడలో కృష్ణా బ్యారేజీ నుంచి బయలుదేరే మూడు కాలువల గట్ల మీదా ఇప్పుడు దీపాలు, బోట్లు, పార్కుల మాటలు వినిపిస్తున్నాయి. అక్కడి గట్ల మీదా ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ గురించిన మాటలు ఇంకా అంత స్పష్టంగా వినిపించడం లేదు.

ఉత్తర చెన్నైలో ఈ కాలువ పరిశ్రమల మధ్య నుంచి పోతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలతో పాటు మనలి చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి చమురు కాలువలోకి, కాలువ నుంచి ఎన్నూరు వాగులోకి చేరింది. వలలు, పడవలు, మడ చెట్ల మొదళ్ళు నల్లబడ్డాయి. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్ళింది. యంత్రాలు చాలినన్ని రాకముందు ఆ చమురును ఎత్తిపోసింది ఎన్నూరు మత్స్యకారులు. పడవల్లో కూర్చొని, మగ్గులతో, బకెట్లతో, చాలామంది ఒట్టి చేతులతో ఎత్తారు. వారికి ఇచ్చిన రోజు కూలి ఎంతన్న దాని మీద అప్పుడూ వివాదం నడిచింది.